చూసినవాళ్ళు ఏం బాకీ పడతారు?

మండలంలో ఉపాధ్యాయుల సమావేశం ఏది జరిగినా ఈ నాలుగైదేళ్ళుగా చివరికి మాట ఫోను దగ్గరికే వచ్చి ఆగుతోంది. పిల్లలు ఎన్ని గంటలు చూస్తున్నారు, ఎవరి దగ్గర దొరికింది, ట్రంకు పెట్టెలో దాచారా, దిండు కింద దాచారా, దొరికినదాన్ని ఎన్ని రోజులు ఆఫీసు బీరువాలో ఉంచాలి, ఇదే చర్చ. గంటల లెక్క అవసరమే. రాత్రి రెండింటిదాకా మేలుకున్న పిల్లవాడు పొద్దున మొదటి పీరియడులో లెక్క చెయ్యలేడు. దీనికి పెద్ద పరిశోధన అక్కర్లేదు, వాడి కళ్ళు చూస్తే తెలుస్తుంది. అయితే నాకు కొంతకాలంగా వేరే ప్రశ్న పెద్దదిగా కనిపిస్తోంది. పిల్లలు ఫోనులో ఏం చూస్తున్నారని అందరం అడుగుతున్నాం. ఆ ఫోనులోంచి పిల్లల్ని ఎవరు చూస్తున్నారు, చూసినవాళ్ళు ఆ పిల్లలకు ఏమైనా బాకీ ఉంటారా అని ఎవరమూ అడగడం లేదు.

ఒక సంగతి చెబుతాను. అమ్మాయి పేరు, ఊరు మీకు అవసరం లేదు. అప్పుడు తొమ్మిదో తరగతి. పుష్యమాసం అమావాస్యకు ఇంటివాళ్ళతో కలిసి కేస్లాపూర్ నాగోబా జాతరకు వెళ్ళింది. గుడారం పక్కన కూర్చుని చెల్లెలికి తల దువ్వుతుంటే ఎవరో ఫోనులో తీశారు. తీసిన సంగతి ఆమెకు తెలియదు. దానికి ఒక సినిమా పాట అతికించి పెట్టేశారు. మూడు వారాల తర్వాత హాస్టల్లో తోటి పిల్ల చూపించేదాకా ఆమె దాన్ని చూడనే లేదు. అప్పటికే చూసినవాళ్ళ సంఖ్య లక్ష దాటింది. కింద వందల కామెంట్లు. కొందరు మెచ్చుకున్నారు, కొందరు ఒంటి రంగు గురించి రాశారు, కొందరు పళ్ళ గురించి రాశారు, కొందరు రాసినవి ఇక్కడ రాయలేను. తోటి పిల్ల అన్న ఫోను అది, ఆదివారం పూట గంటసేపు చేతికొచ్చింది. ఆ గంటలో ఆమె ఒక్క కామెంటూ వదలకుండా చదివింది.

ఆ తర్వాత నెలలో మూడుసార్లు కడుపు నొప్పి అంది. ప్రార్థనలో ముందు వరస నుంచి వెనక వరసకు మారింది. అన్నం పళ్ళెంలో సగం మిగిల్చేది. అడగ్గా అడగ్గా ఒక సాయంత్రం చెప్పింది. చెప్పి, "వాళ్ళకు నేనేం చేశాను టీచర్?" అంది. పొగిడినవాళ్ళ మాటలైనా కొంచెం ఊరటగా ఉన్నాయేమో అనుకుని ఆ మాట ఎత్తాను. అదీ కాదంది. "అడవి అందం అని రాశారు టీచర్. జింకను చూసినట్టు చూశారు" అంది.

వాళ్ళ నాన్న బడికి వచ్చాడు. విషయమంతా విని ఆయన అడిగిన మొదటి ప్రశ్న: వాడెవడు, ఏ ఊరు, ఎవరి కొడుకు? మన గూడేల్లో ఎవరికైనా మొదట వచ్చే ప్రశ్న అదే. మాట జారినవాడు, చెయ్యి చేసుకున్నవాడు, పశువును చేనులోకి వదిలినవాడు, ఎవడైనా సరే, వాడికి ఒక ఊరు ఉంటుంది. ఆ ఊరికి ఒక పటేల్ ఉంటాడు. అక్కడ తేలకపోతే రాయిసెంటర్ ఉంది. తప్పు చేసినవాడు పదిమంది ముందు కూర్చుని ఎందుకు చేశావంటే చెప్పాలి, తప్పు ఒప్పుకోవాలి, జరిమానా కట్టాలి. ఆయన రాయిసెంటర్‌కు పోదాం అన్నాడు. పోవచ్చు, కానీ ఎవరిని పిలిపించాలి? వీడియో పెట్టిన ఖాతాకు ఊరు లేదు, ఇంటి పేరు లేదు. కామెంట్లు రాసినవాళ్ళు వందల మంది. ఆ యాప్‌కు ఫిర్యాదు పెట్టాం. కొన్ని రోజులకు, ఈ వీడియో మా నిబంధనలకు విరుద్ధంగా లేదు అని రెండు వాక్యాల జవాబు వచ్చింది. దాని కింద సంతకం కూడా లేదు.

మరుసటి ఏడు ఆ అమ్మాయి జాతరకు వెళ్ళలేదు. నా మనసులో ఉండిపోయింది ఇదే. మెస్రం వంశం వాళ్ళు గోదావరి నీళ్ళ కోసం ఎంతో దూరం కాలినడకన వెళ్ళి తెచ్చి మొదలుపెట్టే పండుగ అది. ఆ వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్ళను తెల్లచీర కట్టించి, తలమీద ముసుగు వేయించి, దేవుడికీ పెద్దలకూ పరిచయం చేసే భేటింగ్ జరిగేది అక్కడే. ఒక మనిషిని నలుగురికీ చూపించడమంటే మన దగ్గర అర్థం అది: ఈ రోజు నుంచి ఈమె మనది, ఈమె మంచిచెడ్డలు మనవి అని. అదే మైదానంలో ఒక పిల్ల నలుగురి కళ్ళ పడటానికి భయపడి ఇంట్లో ఉండిపోయింది.

దండారి గురించి మన పిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు. చదివే మైదాన ప్రాంతం ఉపాధ్యాయుల కోసం రెండు మాటలు. దీపావళికి ముందు మొదలై కొలబోడితో ముగిసే ఆ రోజుల్లో గుస్సాడీలు నెమలి ఈకల కిరీటం పెట్టుకుని, ఒళ్ళంతా బూడిద పూసుకుని, స్నానం మానేసి దీక్షలో ఉంటారు. మార్లవాయికి చెందిన కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చాక బయటివాళ్ళకు కూడా ఈ ఆట పేరు తెలిసింది. 2024లో ఆయన కన్నుమూశారు. బయటివాళ్ళు చూసేది కిరీటాన్నీ అడుగునూ. నేను చెప్పదలిచింది చూసేవాళ్ళ సంగతి. దండారి జట్టు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోతుంది. ఆ ఊరివాళ్ళు ఎదురొచ్చి ఆహ్వానించాలి, కాళ్ళకు నీళ్ళివ్వాలి, అన్నం పెట్టాలి, రాత్రి పడుకోవడానికి చోటు చూపాలి. పెళ్ళి సంబంధాల మాటలు కూడా అప్పుడు నడుస్తాయి. చూసిన ఊరు తర్వాత తన జట్టును తీసుకుని ఈ ఊరికి రావచ్చు. అప్పుడు ఇవాళ ఆడినవాళ్ళు చూసేవాళ్ళవుతారు, అన్నం పెట్టేవాళ్ళవుతారు. ఆట చూసి, దులుపుకుని వెళ్ళిపోవడమనేది అక్కడ లేదు. చూడటంతోనే బాకీ మొదలవుతుంది.

ఇప్పుడు ఆ గుస్సాడీ ఆటనే ఫోనులో ఎక్కడో ఉన్నవాడు చూస్తున్నాడు. వాడు అన్నం పెట్టనక్కర్లేదు, తిరిగి తన ఆట చూపించనక్కర్లేదు. దేవుడి రూపంలో ఉన్న మనిషిని చూసి నవ్వే బొమ్మ ఒకటి నొక్కి వెళ్ళిపోవచ్చు. పెద్దవాళ్ళం దీన్ని పట్టించుకోకుండా ఉండగలం. మనకు మనమెవరమో కొంత తెలుసు. పద్నాలుగేళ్ళ పిల్లకు అది ఇంకా తెలుస్తున్న వయసు.

డీఎడ్‌లో మనమంతా ఎరిక్‌సన్ పేరు బట్టీ పట్టాం. కౌమారంలో పిల్లలు నేనెవరు అనే ప్రశ్నతో పెనుగులాడతారని ఆయన చెప్పాడు. పరీక్షలో ఆ దశ పేరు రాస్తే మార్కులు వచ్చేవి. ఆయన చెప్పిన ఇంకో సంగతి అంతగా గుర్తు పెట్టుకోం. ఈ వయసుకు కొంత వాయిదా కావాలన్నాడు. అంటే ఒక వేషం వేసి చూసి, నచ్చకపోతే తీసేసి, ఇంకొకటి వేసుకునే వెసులుబాటు. ఈ ఏడు గాయకుడు కావాలనుకున్నవాడు వచ్చే ఏడు పోలీసు కావాలనుకోవచ్చు, ఎవరూ లెక్క అడగరు. మన చిన్నప్పుడు మనం చేసిన వెర్రి పనులు వాగు ఒడ్డునే పోయాయి. చూసిన నలుగురూ మనతోపాటు పెరిగి, మనతోపాటు మరిచిపోయారు. ఇప్పటి పిల్లలకు ఆ మరుపు లేదు. పన్నెండేళ్ళప్పుడు పెట్టిన వీడియోను పదహారేళ్ళప్పుడు ఎవరో తీసి క్లాసు గ్రూపులో వేస్తారు.

అంతకు ముందు, 1902లో, చార్లెస్ హోర్టన్ కూలీ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త మనిషి తనను తాను ఎదుటివాళ్ళ అద్దంలో చూసుకుంటాడని రాశాడు. నేను వాళ్ళకు ఎలా కనిపిస్తున్నాను, దాన్ని బట్టి వాళ్ళు నన్ను ఏమనుకుంటున్నారు, అది ఊహించుకుని నాకు గర్వమో సిగ్గో ఎలా కలుగుతోంది, ఈ మూడూ కలిసి నేను అనే భావన తయారవుతుందన్నాడు. కూలీ ఆ మాట రాసిన నాటికి అద్దాలు కొన్నే. ఇల్లు, ఆటలాడే తోటివాళ్ళు, వాడకట్టు. ముఖాముఖి తెలిసిన ఆ చిన్న గుంపులే మనిషి స్వభావాన్ని తయారు చేస్తాయని కొన్నేళ్ళకు ఆయనే ఇంకో పుస్తకంలో రాశాడు. మన గూడెం సరిగ్గా అలాంటిదే. ఆ అద్దాల్లో కొన్ని వంకరగా ఉన్నా, ఏది ఎందుకు వంకరో పిల్లకు తెలుసు. పెద్దమ్మ ఎప్పుడూ దెప్పుతుంది, ఆమె నోరే అంత. మామ ఎప్పుడూ మెచ్చుకుంటాడు, ఆయన మనసే అంత. ఆ తెలివితో పిల్ల వాళ్ళ మాటల్లోంచి కొంత తీసేసి, కొంత కలుపుకుంటుంది. లక్షమంది ముక్కూమొహం తెలియని వాళ్ళ మాటల్లోంచి ఎంత తీసెయ్యాలో, ఎలా తీసెయ్యాలో ఎవరు నేర్పగలరు?

పైగా ఆ అద్దం అంకెల్లో మాట్లాడుతుంది. ఫేస్‌బుక్ వాళ్ళు లైకు గుర్తును 2009లో తెచ్చారు. ఒక మనిషి ఇంకో మనిషికి ఎంత నచ్చాడో ఇలా లెక్కపెట్టి పక్కన రాసే అలవాటు మన గూడేల్లో లేదు. గూడెంలో ఎవరైనా పలకరించకపోతే దానికి కారణం ఉంటుంది. పత్తి ఏరడానికి పోయారు, జ్వరమొచ్చింది, పోయిన వారం పోట్లాట ఇంకా తేలలేదు. ఫోనులో పలకరించకపోతే అది సున్నా, అంతే. పదో తరగతి పిల్లవాడొకడు వంద లైకులు రాని ఫోటోను సాయంత్రానికి తీసేస్తాడు. ఎందుకు తీశావంటే "బాగా రాలేదు టీచర్" అంటాడు. పెట్టినప్పుడు బాగానే వచ్చిందనుకున్నాడు కదా. మధ్యలో ఫోటో మారలేదు, మారింది అంకె ఒక్కటే. ఈ అంకె పెట్టే ఒత్తిడి సంగతి కంపెనీలకూ తెలిసినట్టుంది. ఇష్టమైనవాళ్ళు లైకుల సంఖ్యను దాచుకునే వీలు ఇన్‌స్టాగ్రామ్‌లో 2021లో వచ్చింది. మా పిల్లల్లో దాన్ని వాడేవాళ్ళు నాకు కనపడలేదు. అంకె కోసమే కదా పెట్టేది అంటారు వాళ్ళు.

రంగు గురించి వేరే చెప్పాలి. ఫోటో తీస్తూనే ముఖాన్ని తెల్లగా, ముక్కును సన్నగా చేసే ఫిల్టర్లు ఫోనుల్లో వస్తున్నాయి. కొన్నింటిలో అవి అడక్కుండానే పనిచేస్తాయి. మైదాన ప్రాంతం పిల్లకు కూడా అది హాని చేస్తుంది. మన పిల్లకు చేసే హాని ఇంకొంచెం లోతుగా ఉంటుంది, ఎందుకంటే తీసేసే రంగు వాళ్ళ అమ్మ రంగు, తాత రంగు, ఊరందరి రంగు. ఒకసారి ఇంగ్లీషు పాఠానికి పిల్లల్ని తమ గురించి అయిదు వాక్యాలు రాయమన్నాను. పదిమంది దాకా ఆడపిల్లలు "నేను నల్లగా ఉంటాను" అనే వాక్యం రాశారు. మగపిల్లలు ఒక్కరూ రాయలేదు. ఇది ఫోను ఒక్కటే చేసిన పని కాదు, సినిమాలు చేశాయి, బజారులో అమ్మే క్రీములు చేశాయి, మాటకు ముందు నల్లదనం ఎత్తే మనుషులు చేశారు. ఫోను ఆ పనినే రోజుకు వందసార్లు చేస్తుంది, పక్కన ఎవరూ లేని చోట చేస్తుంది.

కంపెనీలకు ఇది తెలియక జరుగుతోందా అంటే, లేదు. 2021లో ఫేస్‌బుక్ మాజీ ఉద్యోగిని ఫ్రాన్సిస్ హౌగెన్ ఆ సంస్థ లోపలి కాగితాలను బయటపెట్టింది. ముగ్గురు టీనేజీ అమ్మాయిల్లో ఒకరికి తమ శరీరం మీద ఉన్న అసంతృప్తిని ఇన్‌స్టాగ్రామ్ మరింత పెంచుతోందని ఆ సంస్థ పరిశోధకులే 2019లో రాసుకున్నారని ఆ కాగితాల వల్ల లోకానికి తెలిసింది. తమ పరిశోధనను బయటివాళ్ళు తప్పుగా అర్థం చేసుకున్నారని కంపెనీ వాదించింది. పండితుల్లో కూడా ఏకాభిప్రాయం లేదు. పిల్లల దిగులుకు స్మార్ట్‌ఫోనే ముఖ్య కారణమని జొనాథన్ హైట్ 2024లో పెద్ద పుస్తకమే రాశాడు. రెండూ ఒకే కాలంలో పెరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని తేల్చలేమని, అప్పటికే దిగులులో ఉన్న పిల్లలే ఫోనును ఎక్కువగా పట్టుకుంటుండవచ్చని కాండిస్ ఆడ్జర్స్ లాంటివాళ్ళు అన్నారు. ఈ వాదన త్వరగా తేలేది కాదు. కానీ నా ప్రశ్నకు అది తేలేదాకా ఆగాల్సిన పని లేదు. ఒక పిల్లను ఆమెకు తెలియకుండా వీడియో తీసి, లక్షమందికి చూపించి, ప్రకటనల మీద డబ్బు సంపాదించుకుని, ఆమె తండ్రి అడిగితే రెండు వాక్యాల జవాబు ఇవ్వడం తప్పా కాదా? దిగులు వ్యాధిగా మారిందని డాక్టరు కాగితం రాసిస్తేనే తప్పు అవుతుందా? నా మట్టుకు నేను, అది తీసిన క్షణానే తప్పు అంటాను.

ఇక్కడ మన చరిత్రలోది ఒకటి గుర్తొస్తుంది. 1940లో కుమ్రం భీం నేలకొరిగాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో మనవాళ్ళ మధ్య ఉన్నాడు. కేస్లాపూర్ జాతరలో దర్బారు పెట్టే ఆనవాయితీ ఆయన సలహాతోనే మొదలైంది. జనం ఆఫీసుల చుట్టూ తిరగడం కాదు, అధికారులే జనం ఉన్నచోటికి వచ్చి, కింద కూర్చున్నవాళ్ళ గోడు విని జవాబు చెప్పాలి. ఆ దర్బారులో ఎన్ని అర్జీలు తీరాయి, ఎన్ని మూలన పడ్డాయి అన్నది వేరే కథ, మీలో చాలామందికి తెలిసిన కథే. పద్ధతి మాత్రం న్యాయమైనది. మన మీద అధికారం ఉన్నవాడు ముఖం చూపించి మాట్లాడాలి. ఇవాళ మన పిల్లలు ఏం చూడాలో, ఎవరికి కనపడాలో నిర్ణయించే కంపెనీలకు కలెక్టరు కంటే ఎక్కువ అధికారం ఉంది. వాళ్ళ దర్బారు ఎక్కడ?

నిషేధించేస్తే సరిపోతుంది కదా అని అడిగేవాళ్ళు ఉన్నారు. ఆస్ట్రేలియాలో పదహారేళ్ళలోపు పిల్లలకు ఈ ఖాతాలు ఉండకూడదని 2024లో చట్టం చేశారు, 2025 డిసెంబరు నుంచి అమలులో పెట్టారు. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళందరినీ పిల్లలుగానే చూసింది, వాళ్ళ సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంది. మంచిదే. కానీ మన ఇళ్ళలో ఫోను ఎలా ఉంటుందో ఢిల్లీలో కూర్చున్నవాళ్ళకు తెలిసినట్టు లేదు. ఒక ఇంటికి ఒక ఫోను. అది అన్న పేరు మీద, అన్న పుట్టినరోజుతో ఉంటుంది. దానిలో చెల్లి చూస్తుంది, బావ చూస్తాడు, పక్కింటి పిల్లలు చూస్తారు. వయసు అడిగే యంత్రానికి ఆ ఇంట్లో పాతికేళ్ళవాడు ఒక్కడే కనపడతాడు.

అసలు ఆ ఫోను మన ఇళ్ళలోకి ఎలా వచ్చిందో కూడా గుర్తు చేసుకోవాలి. 2020లో బడులు మూతపడ్డాయి. ఆ సెప్టెంబరు నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు మొదలయ్యాయి. టీవీ లేని ఇళ్ళలో పత్తి అమ్మిన డబ్బుతోనో అప్పుతోనో ఫోను కొన్నారు. సిగ్నలు కోసం పిల్లలు గుట్ట ఎక్కారు. అదే ఏడు జూన్ చివర ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించింది, జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ మన దేశంలో మొదలయ్యాయి. పాఠం కోసం మనమే కొనిపించిన ఫోను అది. బడి తెరిచాక పాఠం తరగతి గదిలోకి తిరిగి వచ్చేసింది, ఫోను ఇంట్లో ఉండిపోయింది. కాబట్టి పిల్లల్ని దొంగల్లా చూసి, సోదాలు చేసి, నలుగురిలో నిలబెట్టి తిట్టడం న్యాయం కాదు.

ఆడపిల్ల దగ్గర ఫోను దొరికినప్పుడైతే ఉపాధ్యాయులు మరీ జాగ్రత్తగా ఉండాలి. గూడెం చూపును పైన మెచ్చుకున్నాను, దాని రెండో వైపు కూడా చెప్పకపోతే అబద్ధం చెప్పినట్టవుతుంది. చేతిపంపు దగ్గర ఒక పిల్ల ఫోను చూసి నవ్వితే సాయంత్రానికి ఊరంతా కథ అల్లుతుంది. బడిలో ఫోను దొరికిందన్న కబురు ఇంటికి చేరితే, ఎవరితో మాట్లాడుతోందన్న అనుమానంతో చదువు మాన్పించి పెళ్ళి చేసేసిన ఇళ్ళు ఉన్నాయి. అదీ మనకు తెలిసినవాళ్ళు చూసిన చూపే. పిల్లను కాపాడుతున్నామనుకుంటూ ఆమె చదువునే తీసేసిన చూపు. తేడా ఒక్కటే, అక్కడ అడగడానికి మనిషి దొరుకుతాడు. ఉపాధ్యాయురాలు వెళ్ళి ఆ తండ్రితో గంటసేపు కూర్చోవచ్చు, పటేల్‌ను పిలుచుకురావచ్చు, చైల్డ్‌లైన్ 1098కి చెబుతానని గట్టిగా అనవచ్చు. ఒక్కోసారి పెళ్ళి ఆగుతుంది కూడా.

ఇంకో వైపు ఫోను వల్ల దొరికినవీ ఉన్నాయి, వాటిని కాదనడం పెద్దవాళ్ళ మొండితనం. గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది. ఒక గూడెంలో పాత కాగితాల మీద మిగిలిన అక్షరాలను ఇవాళ ఫోనులో టైపు చేసుకునే దారి పడింది. మా పాత విద్యార్థి ఒకడు వారానికి ఒక గోండి మాట తీసుకుని దాని అర్థం చెబుతూ చిన్న వీడియోలు పెడతాడు. వాటిని మహారాష్ట్ర వైపు గోండులు, ఛత్తీస్‌గఢ్ వైపు గోండులు చూసి, మా దగ్గర దీన్ని ఇలా అంటాం అని రాస్తారు. అతనికి లైకులు వందలోపే. అడిగితే "చాలు టీచర్, అందరూ సగా వాళ్ళే" అని నవ్వుతాడు. అతన్ని చూసేవాళ్ళు అతనికి తిరిగి ఒక మాట ఇస్తున్నారు, దండారికి వచ్చిన ఊరిలాగే. అదే యంత్రం, అదే యాప్.

ఇదంతా కంపెనీల గురించీ బయటివాళ్ళ గురించీ చెప్పుకుని ఊరుకుంటే మన పని తేలికైపోతుంది. మన బడుల్లో జరిగేది చూడండి. పిల్లలు అన్నం తింటుంటే ఫోటో, నోటు పుస్తకాలు పంచితే ఫోటో, రక్తం తక్కువున్న పిల్లలకు మాత్రలిస్తే ఫోటో. పై అధికారుల గ్రూపుకు ఒకటి, దాతల గ్రూపుకు ఒకటి, ఉపాధ్యాయ సంఘం గ్రూపుకు ఒకటి. అక్కడి నుంచి ఎవరి స్టేటస్‌లోకి పోతుందో ఎవరికీ తెలియదు. దుప్పటి అందుకుంటున్న పిల్లవాడి ముఖం స్పష్టంగా రావాలని వాణ్ణి రెండోసారి చెయ్యి చాపమంటారు. జాతరలో వీడియో తీసిన ఆ ముఖం తెలియనివాడికీ దీనికీ ఉద్దేశంలో తేడా ఉంది, సరే. ఫోటోలో ఉన్న పిల్లవాణ్ణి అడగలేదన్న విషయంలో తేడా లేదు. పథకం అమలైందని రుజువు కావాలంటే పళ్ళేల ఫోటో తియ్యవచ్చు, వీపుల వైపు నుంచి తియ్యవచ్చు, సంతకాలు పంపవచ్చు. మాత్రలు తీసుకునే పిల్లల ముఖాలు మాత్రం ఏ గ్రూపులోకీ పోకూడదు. హెడ్‌మాస్టర్లు తలచుకుంటే దీనికి పైనుంచి ఉత్తర్వు రావాల్సిన అవసరం లేదు.

పిల్లల్లో దిగులు కనపడినప్పుడు ఏం చెయ్యాలన్నది కూడా మనం మాట్లాడుకోవాలి. మన ఇళ్ళలో దానికి పేరు లేదు. గాలి సోకిందంటారు, దిష్టి తగిలిందంటారు. దేవారి దగ్గరికి తీసుకుపోతే నేను వద్దనను. పదిమంది కూర్చుని పిల్ల గురించి ఆలోచించడం కూడా మందే. కానీ తిండి మానేసినా, నిద్ర పోయినా, చచ్చిపోతానన్న మాట నోట వచ్చినా అక్కడితో ఆగకూడదు. 14416 అనే నంబరు ఉంది, టెలీ మానస్ అంటారు. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. డబ్బు కట్టనక్కర్లేదు, రాత్రిపగలు పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. గోండిలో లేదు. పిల్ల పక్కన గోండి తెలిసిన పెద్దవాళ్ళు ఒకరు కూర్చుంటే సాయంగా ఉంటుంది. ఆ నంబరును నోటీసు బోర్డు మీద రాసి వదిలేస్తే ఏ పిల్లా చెయ్యదు, చెయ్యడానికి ఫోను వాళ్ళ దగ్గర ఉండదు కదా. స్టాఫ్ రూములో ఫోను ఇచ్చి, తలుపు దగ్గరగా వేసి, బయట నిలబడాలి.

ఇక రాయిసెంటర్ల పెద్దలకు ఒక మాట. పొలం గట్టు తగాదాలు, పెళ్ళి తగాదాలు మీ ముందుకు వస్తున్నాయి. ఇది కూడా రానివ్వండి. బయట ఊళ్ళో ఉన్నవాణ్ణి మీరు పిలిపించలేరు, నిజమే. కానీ ఆ వీడియోను మన ఊళ్ళలోనే గ్రూపు నుంచి గ్రూపుకు పంపినవాళ్ళు ఉన్నారు, వాళ్ళకు ఊరూ పేరూ ఉన్నాయి. జాతరకు, దండారికి వచ్చే యాత్రికులు మనుషుల్ని అడగకుండా ఫోటో తియ్యకూడదని కట్టుబాటు పెట్టే హక్కు మీకు ఉంది. గుడి లోపల ఎలా నడుచుకోవాలో మనం చెబితే వింటున్నవాళ్ళు గుడారం దగ్గర ఎలా నడుచుకోవాలో చెబితే కూడా వింటారు.

ఈ సంగతులే ఒక రోజు తొమ్మిది, పదో తరగతి పిల్లల ముందు పెట్టాను, పేర్లేవీ చెప్పకుండా. వీడియో తీసినవాడిది తప్పని అందరూ అన్నారు. చెడ్డ కామెంటు రాసినవాళ్ళది తప్పన్నారు. గ్రూపులోకి పంపినవాడి దగ్గర గదిలో గొడవ మొదలైంది, ఎందుకంటే అక్కడున్నవాళ్ళలో కొందరు అలాంటివి పంపి ఉంటారు. ఒకడు, నవ్వొచ్చింది కాబట్టి పంపుతారు, అందులో తప్పేముంది అన్నాడు. ఒకమ్మాయి, నీ చెల్లెలిదైతే పంపుతావా అంది. అప్పుడు వెనక బెంచీలోంచి, ఎప్పుడూ మాట్లాడని పిల్లవాడొకడు లేచాడు. "టీచర్, నేను పంపను, రాయను, లైకు కొట్టను. ఊరికే చూస్తాను. చూసినట్టు అంకె మాత్రం ఒకటి పెరుగుతుంది. నాది కూడా తప్పేనా?" అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే పిల్లలు రెండు జట్లుగా విడిపోయారు. దండారిలో దూరం నుంచి చూసి అన్నం పెట్టకుండా తలుపు వేసుకున్న ఇంటిని ఊరు ఏమంటుంది అని ఒక జట్టు, చూడటమే తప్పంటే కళ్ళెందుకు అని ఇంకో జట్టు. గంట కొట్టినా వాళ్ళు లేవలేదు.